కుర్చీ తీసేసిన చెయ్యి

ఎనిమిదో అంతస్తు ఈరమ్మ చెప్పిందట, జడ్జమ్మ దానయ్యకు స్వయానా మేనత్త కూతురని.

"నా మాట కాదే తల్లీ, ఈరమ్మ మాట" అంటూ చిన్నమ్మ కాఫీ గ్లాసు కూతురి ముందు పెట్టింది. "పొద్దున్నే పాసర్‌లో, ఆ సంతలో చేపలు ఏరుకుంటుంటే పక్కన చేరింది. బూన్ లేలో ఆవిడ తమ్ముడున్నాడు కదా, యార్డులో వెల్డింగు చేసేవాడు, వాడు చెప్పాడట. అక్కడ మగాళ్ళంతా ఇదే అనుకుంటున్నారట. దానయ్య కేసు ఇంక గెలిచినట్టే, జడ్జి మన తెలుగామె, పైగా రక్తసంబంధం అని. పోయిన వాయిదాలో కంపెనీవాళ్ళు ఇచ్చిన కాగితమేదో చదివి నీ చెయ్యి వణికిందట. మంచినీళ్ళు తాగావట. ఇరవై నిమిషాలు విచారణ ఆపేసి లోపలికి వెళ్ళిపోయావట. మన మనిషికి అన్యాయం జరిగిందని కడుపు తరుక్కుపోకపోతే ఎందుకలా అవుతుంది, అంటోంది ఈరమ్మ."

"మేనత్త కూతురినెలా అయ్యానమ్మా?"

"నేనూ అదే అడిగాను. ఏమో, వాళ్ళ తాతలు, మన తాతలు ఒకే ఓడెక్కుంటారు అంది. ఆవిడతో ఎవరు వాదిస్తారు? అయినా చెయ్యి వణకడమేమిటే నీకు? ఈ మధ్య షుగర్ చూపించుకున్నావా?"

శాంతిని గ్లాసు ఎత్తబోయి మానేసింది. ఎత్తితే వణుకుతుందేమో, అమ్మ చూస్తుందేమో అని భయం.

ఈరమ్మ తెచ్చే వార్తల్లో నూటికి డెబ్బై పాళ్ళు పొల్లు, ముప్పై పాళ్ళు గింజ. సింగపూరు టోవా పాయోలో ఆ బ్లాకు వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు, తెలిసే వింటారు. మేనత్త కూతురన్నది పొల్లు. దానయ్యది సోంపేట దగ్గర పల్లె. శాంతిని పుట్టింది మలేషియాలో, బాగన్ దతో కొబ్బరితోటల్లో. చెయ్యి వణికిందన్నది మాత్రం గింజే. పోయిన వారం కథలో మనం ఆమెను వదిలిపెట్టి వచ్చింది ఆ వాయిదా దగ్గరే.

దానయ్య ఓడలు బాగుచేసే యార్డులో క్రేను కింద నిలబడి సైగలు చేసే మనిషి. అతను చెయ్యి ఎత్తితే బరువు లేస్తుంది, దించితే దిగుతుంది. పదకొండేళ్ళు అదే పని. మార్చిలో ఒకరోజు ఇనపతాడులో పోగులు తెగి ఉండటం చూసి, చెయ్యి అడ్డంగా చాచి, ఇంజను భాగం గాల్లోకి లేవకుండా ఆపేశాడు. సగం రోజు పని నిలిచిపోయింది. మూడు వారాలకు అతని చేతికి ఉత్తరం వచ్చింది. మనిషిని తీసేయలేదట, పోస్టునే రద్దు చేశారట. ఉత్తరం వచ్చిన ఇరవయ్యారో రోజున వెంకటరాజు అనే కొత్త మనిషి వేరే పేరున్న పోస్టులో చేరాడు. అదే క్రేను కింద నిలబడి అవే సైగలు చేస్తున్నాడు. దానయ్య ట్రిబ్యునల్‌కెక్కాడు. ఆ కేసు విని తీర్పు చెప్పాల్సింది శాంతిని. పోస్టు ఎంత సక్రమంగా రద్దయిందో చూడండంటూ కంపెనీ హెచ్.ఆర్. మేనేజరు హరికృష్ణ పోయిన వాయిదాలో ఒక పట్టిక దాఖలు చేశాడు. తొమ్మిది ప్రశ్నలు, ఎదురుగా తొమ్మిది జవాబులు.

ఆ తొమ్మిది ప్రశ్నలూ ఒకప్పుడు శాంతిని తన చేత్తో రాసినవే.

ఈ సంగతి దానయ్యకు తెలియదు. ఈరమ్మకైతే అసలే తెలియదు.

"మీ నాన్నకూ ఇట్టాంటి కాగితమే ఇచ్చారు ఎస్టేటులో" అంది చిన్నమ్మ, చేపల సంచి సింకులో వంచుతూ. "తోట అమ్మేసినప్పుడు. కూలీల మీద మండోరు పని ఇంక లేదని. ఆయన నా చేతికిచ్చి చదవమన్నాడు. నాకు మాత్రం ఇంగ్లీషు వచ్చేడిచిందా? నీ చేతే చదివించాం. పద్నాలుగేళ్ళు నీకు. గుర్తుందా?"

"ఉంది."

"పోస్టు రద్దయింది అని నువ్వు చదివితే, 'పోస్టంటే నేనే కదే' అన్నాడు మీ నాన్న. పిచ్చి మారాజు. అందుకే అంటున్నా, ఆ దానయ్య ఎవరో ఏమో గానీ, కాస్త చూసి చెయ్యి తల్లీ. నువ్వు చేస్తావులే. నువ్వు మీ నాన్న కూతురివి."

ఆ చివరిమాట శాంతినికి ముల్లులా దిగింది. కాఫీ తాగకుండానే లేచింది. చెప్పులు వేసుకుంటుంటే ఈరమ్మ కబురు మళ్ళీ మనసులో మెదిలింది. ఈసారి అది వేరే రూపంలో కనిపించింది. బయట మాటలు పుట్టాయి. జడ్జీ తెలుగు మనిషి, ఫిర్యాదుదారూ తెలుగు మనిషే. చాలు కదా. ఈ ఒక్క కారణం చెప్పి కేసు నుంచి మర్యాదగా తప్పుకోవచ్చు. పట్టిక మాట ఎత్తనక్కర్లేదు. ఎవరూ ఏమీ అనరు, పైగా నిక్కచ్చి మనిషి అని మెచ్చుకుంటారు.

సింహద్వారం నుంచి పోవడానికి మొహం చెల్లని మనిషికి ఈరమ్మ దొడ్డిదారి తెరిచి పెట్టింది.

*

రైల్లో నిలబడినంతసేపూ ఆమెకు పదకొండేళ్ళ కిందటి గది కళ్ళముందు ఆడింది. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక అద్దాల మేడ, ఐదో అంతస్తు, చల్లగా గడ్డకట్టించే ఏసీ. అప్పుడు ఆమె జడ్జీ కాదు. కంపెనీలకు ఉద్యోగుల వ్యవహారాల్లో సలహాలిచ్చే సంస్థలో పనిచేసేది. ఆ పట్టిక అక్కడ తయారు చేసింది.

నిజం చెప్పాలంటే మొదట్లో దురుద్దేశమేమీ లేదు. ఏ మేనేజరైనా కోపమొచ్చి ఎవడో ఒకణ్ణి పీకేసి, పోస్టు రద్దయిందని బుకాయించకుండా, పని నిజంగా అక్కర్లేనిదో కాదో తేల్చాలని రాసింది. ఎనిమిది ప్రశ్నల దాకా అది సక్రమంగానే ఉంది. తొమ్మిదోది అసలు ప్రశ్న: ఈ మనిషి లేకపోతే ఈ పని ఆగిపోతుందా?

అక్కడే క్లయింటుకు చిక్కు వచ్చిపడింది. ఏ పనైనా ఆగుతుందనే జవాబు వస్తోంది, మాకు ఇది ఉపయోగపడటం లేదు అన్నారు. ఆమె పై అధికారి నవ్వుతూ, చూడు శాంతినీ, ఏదో ఒకటి చెయ్యి, అన్నాడు. ఆమె ఒక సాయంత్రం కూర్చుని ప్రశ్న కింద చిన్న అక్షరాల్లో ఒక సూచన చేర్చింది: 'ఆగిపోతుంది' అని జవాబు వస్తే, పనిని ఇంకా చిన్న ముక్కలు చేసి మళ్ళీ అడగండి.

అంతే. అది అద్భుతంగా పనిచేసింది. దాని మీద పాఠాలు కూడా చెప్పింది. నలభై మంది హెచ్.ఆర్. వాళ్ళు కూర్చున్న గదిలో నిలబడి, "మనిషిని లెమ్మనకండి. కుర్చీ తీసేయండి. తనే లేచి నిలబడతాడు" అనేది. అందరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు వస్తుందని తెలిసి, ఆ మాటకు ముందు కాస్త ఆగేది కూడా.

ఆ ఆగడం తల్చుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది. సూచన రాయడం ఉద్యోగం కోసం చేసిందనుకున్నా, నవ్వు కోసం ఆగడం ఎవరి కోసం?

పోయిన వాయిదాలో కంపెనీ ఇచ్చిన పట్టికలో ఆ సూచన అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉంది. లోపల ఉంచుకోవాల్సిన మాటను చెరిపెయ్యడం కూడా మరిచిపోయి ట్రిబ్యునల్‌లో పెట్టారు. దానయ్య పనిని ఏడు ముక్కలు చేశారు. తాడు చూడటం ఒకరికి, గాలివాటం చూడటం ఒకరికి, సైగ మరొకరికి. ఏడో ముక్క దగ్గర, ఈ మనిషి లేకపోయినా పని ఆగదు, అని జవాబు వచ్చింది.

ఆ వెంటనే ఆమెకు ఇంకో సంగతి కూడా అర్థమైంది. అదే ఎక్కువ భయపెట్టింది. అతని వైపు సాక్ష్యం పూర్తిగా వినకముందే మనసులో తీర్పు రాసేసుకుంది, దానయ్యను పనిలోకి తీసుకోవాల్సిందేనని. న్యాయమని తోచి కాదు. తన తొమ్మిదో ప్రశ్న మచ్చ మాసిపోతుందని. తప్పు చేసిన చెయ్యి తక్కెడ పట్టుకుంటే ముల్లు ఎటు వాలినా అది తూకం కాదు. ఆ రోజే చెప్పాల్సింది. చెప్పకుండా మంచినీళ్ళు తాగి, ఇరవై నిమిషాలు లోపల కూర్చుని, మళ్ళీ వచ్చి, "కొనసాగించండి" అంది. ఇవాళ్టికి పన్నెండు రోజులైంది.

*

ట్రిబ్యునల్ గది చిన్నది. ఎదురుగా రెండు బల్లలు. ఇక్కడ లాయర్లు ఉండరు, ఎవరి మాట వాళ్ళే చెప్పుకోవాలి. ఒక బల్ల దగ్గర హరికృష్ణ, నీలం చొక్కా, ముందు మూడు రంగుల ఫైళ్ళు. రెండో బల్ల దగ్గర దానయ్య, పక్కన దుబాసీ ప్రసన్నలక్ష్మి. దానయ్య మాటను ఇంగ్లీషులోకి, ఇంగ్లీషును దానయ్యకు మార్చడం ఆవిడ పని. ఆవిడది విజయవాడ. సోంపేట మాట ఆవిడకు సగమే అందుతుంది. శాంతినికి పూర్తిగా అందుతుంది, వాళ్ళ తాత అచ్చం అలాగే మాట్లాడేవాడు. అయినా రికార్డు కోసం, అర్థమైన మాటకు అర్థం చెప్పేదాకా ఆగి కూర్చోవాలి.

దానయ్య గళ్ళచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. మూడు నెలలుగా పని లేదు. కేసు ఉన్నన్నాళ్ళు దేశంలో ఉండనిచ్చే కాగితం ఒకటి ఉంది, దాని మీద పని చెయ్యకూడదు. డార్మెటరీలో తోటివాళ్ళు తమ అన్నంలోంచి తీసి పెడుతున్నారు.

"విచారణ మొదలుపెట్టే ముందు ఒక సంగతి" అని శాంతిని ఇంగ్లీషులో అందుకుంది. కాగితం చూసి చదువుతోంది, దారిలో రాసుకున్నది. "నేను తెలుగు కుటుంబంలో పుట్టాను. ఫిర్యాదుదారు కూడా తెలుగువారు. దీనిమీద బయట కొన్ని మాటలు పుట్టినట్టు నాకు తెలిసింది. విచారణ మీద ఎవరికీ అనుమానం ఉండకూడదు. కనుక ఈ కేసు మరొకరికి అప్పగించాలని ఆలోచిస్తున్నాను. మీ అభిప్రాయాలు చెప్పండి."

"కంపెనీకి ఏ అభ్యంతరమూ లేదు మేడమ్" అన్నాడు హరికృష్ణ, ఆమె నోరు మూసీ మూయకముందే. "మీరే కొనసాగండి. మాకు మీమీద పూర్తి నమ్మకం."

ప్రసన్నలక్ష్మి దానయ్య చెవిలో చెప్పింది. అతను చెవి రుద్దుకుని, మళ్ళీ చెప్పించుకున్నాడు. అప్పుడు తల అడ్డంగా ఊపాడు.

"ఏటీ? తెలుగోలని తప్పుకుంటారా? నాను తెలుగోణ్ణి. ఆ సారు తెలుగోరు. ఈ దుబాసమ్మ తెలుగామె. నా బదులు క్రేను కింద నిల్చున్న ఎంకటరాజు తెలుగోడు. ఆఖరికి పోస్టు పోనాదని నాకు ఉత్తరం తెచ్చిచ్చిన సూపరైజరూ తెలుగోడే. తెలుగోలు సెయ్యేస్తేనే గదమ్మా నాకింత అన్నేయం జరిగింది! అప్పుడు అడ్డం రాని తెలుగు, నేయం సెయ్యడానికి అడ్డమొచ్చిందేటి?"

హరికృష్ణ పెదవి కొరుక్కున్నాడు, నవ్వు ఆపుకోవడానికి. ప్రసన్నలక్ష్మి గొంతు సవరించుకుని దీన్నంతా ఒక్క వాక్యంలోకి కుదించింది: భాష కారణంగా తమరు తప్పుకోనక్కర్లేదని ఫిర్యాదుదారు భావిస్తున్నారు.

"ఇంకోటి సెప్పమ్మా" అని దానయ్య ఆవిడ మోచేతి దగ్గర బల్ల మీద తట్టాడు. కానీ చూపు శాంతిని మీదే ఉంది. "కేసు కొత్తోరి సేతికెల్తే మొదట్నించీ మల్లా సెప్పుకోవాల. రెండు నెల్లో, మూడు నెల్లో. నాకాడ అంత ఓపిక నేదు. ఊళ్ళో మా బావమరిది ఏటంటన్నాడో తెలుసా? తాగి పన్లోకెల్లుంటాడు, అందుకే తరిమేసినారు అని. పోస్టు రద్దు అంటే ఆలకేటి తెలుస్తాది? మనిషి తప్పు సెయ్యకుండా పని పోద్దా అంటారు. మా ఆడమనిషి కూడా మొన్న ఫోన్లో అడిగినాది, నిజం సెప్పు, ఏటి సేసినావు అని. నాకు మల్లా ఆ పని గావాల. నేదంటే, దానయ్య తప్పు నేదని కాగితమైనా గావాల."

అతను ఊపిరి తీసుకున్నాడు.

"అసలు నాను దైర్నంగా ఉన్నది మిమ్మల్ని సూసేనమ్మా. పోయిన తూరి ఆ పట్టిక సదివి మీ మొకం మాడిపోనాది. సెయ్యి వణికినాది. ఈ దేశంలో నా బాద ఒక మనిషికి తగిల్నాది అనుకున్నాను. డార్మెటరీలో మావోలందరికీ అదే సెప్పినాను. ఆ యమ్మ మంచిది, నేయం తెలిసిన తల్లి అని."

ప్రసన్నలక్ష్మి ఇంగ్లీషులోకి మారుస్తోంది. శాంతిని వినడం లేదు. ఈరమ్మ దాకా వెళ్ళిన మాటకు వేరు ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయింది. ఆమె వణుకును అతను దయ అనుకున్నాడు. దాన్ని పట్టుకుని పన్నెండు రోజులు బతికాడు. నలుగురికీ పంచిపెట్టాడు.

ఆమె రాసుకొచ్చిన కాగితాన్ని బోర్లా తిప్పింది.

"ప్రసన్నలక్ష్మి గారూ" అంది. "ఇప్పుడు నేను చెప్పేదాన్ని మాట విడిచిపెట్టకుండా మార్చండి. కుదించకండి."

ఆవిడ ఆశ్చర్యంగా చూసి తలూపింది.

"నేను ఇంతకుముందు చెప్పిన కారణం అసలు కారణం కాదు" అని శాంతిని ఇంగ్లీషులోనే చెప్పింది. తెలుగులో చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తెలుగులో చెబితే ఆ తప్పు అమ్మ వినేంత దగ్గరగా వస్తుంది. "కంపెనీ దాఖలు చేసిన పట్టికను తయారు చేసింది నేను. పదకొండేళ్ళ కిందట, మరో ఉద్యోగంలో. ప్రశ్నలు నావి. తొమ్మిదో ప్రశ్న కింద ఉన్న సూచన నాది. దాన్ని ఎలా వాడాలో చాలా కంపెనీలకు నేనే నేర్పాను. పోయిన వాయిదాలో చూడగానే గుర్తుపట్టాను. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు. అది నా రెండో తప్పు."

ప్రసన్నలక్ష్మి చెప్పడం మొదలుపెట్టింది. మొదటి రెండు వాక్యాలు మామూలుగా చెప్పింది. తర్వాత గొంతు తగ్గింది. 'తయారు చేసింది నేను' దగ్గర ఒకసారి ఆగి, శాంతిని వైపు చూసి, మళ్ళీ చెప్పింది.

దానయ్య బల్ల మీదికి వంగాడు. "ఆ తొమ్మిదోదాంట్లో ఏటుందమ్మా?" అన్నాడు. దుబాసీని కాదు, నేరుగా ఆమెనే అడిగాడు.

శాంతిని పట్టిక తీసుకుంది. ఇంక తెలుగు తప్పలేదు. "ఈ మనిషి లేకపోతే ఈ పని ఆగిపోతుందా" అని చదివింది. "దాని కింద, ఆగిపోతుంది అని జవాబు వస్తే, పనిని ఇంకా చిన్న ముక్కలు చేసి మళ్ళీ అడగండి, అని ఉంది."

"ఓహో. ఆగదని వచ్చీదాకా అడగమన్నారన్నమాట."

"అవును."

"నన్ను ఏడు ముక్కలు సేసినారు."

"మీ పనిని" అందామె, అలవాటుగా. అనగానే నాలుక కరుచుకుంది. పద్నాలుగో ఏట నాన్నకు చదివి వినిపించిన ఉత్తరంలోనూ ఇదే తేడా. మనిషి వేరు, పోస్టు వేరు.

గదిలో ఆశ్చర్యపోని మనిషి ఒకడున్నాడని అప్పుడు గమనించింది. హరికృష్ణ ఫైలు అంచు సరిచేసుకుంటున్నాడు.

"మీకు ముందే తెలుసా?" అని అడిగింది.

"మేడమ్..."

"తెలుసా, తెలియదా?"

"మీ క్లాసులో మూడో వరసలో కూర్చున్నాను మేడమ్" అన్నాడు హరికృష్ణ మెల్లగా. "అప్పుడు కొత్తగా చేరాను. మీరిచ్చిన నోట్సు ఇప్పటికీ ఉంది, మీ పేరుతో సహా. కుర్చీ మాట మా ఆఫీసులో అందరికీ కంఠతా వచ్చు."

"పోయిన వాయిదాలో ఎందుకు చెప్పలేదు?"

"అవసరం రాలేదు మేడమ్."

"ఎప్పుడొస్తుంది అవసరం?"

హరికృష్ణ మళ్ళీ ఫైలు అంచు సరిచేసుకున్నాడు. ప్రసన్నలక్ష్మి ఇదంతా గుసగుసగా మార్చి చెబుతుంటే వింటున్న దానయ్య మాత్రం మొదటిసారి నవ్వాడు. పళ్ళు కనిపించని నవ్వు.

"నాకు తెలిసింది బావూ" అన్నాడు. "నాను ఓడిపోతే నోరిప్పరు. గెల్చినాననుకో, ఆ నోట్సు తీసి, ఈ యమ్మ తీర్పు సెల్లదు, మల్లా మొదట్నించి ఇనండి అంటారు. అందుకే ఇందాక ఈ యమ్మ అడిగీ అడక్కముందే ఏ అబ్బెంతరమూ నేదన్నారు. పదకొండేళ్ళు క్రేను కింద నిల్చున్నాను సారూ, బరువు ఎటు ఊగుతాదో నాకు తెల్దా?"

"మేడమ్, ఇది ఊహ. రికార్డులోకి వెళ్ళకూడదు" అన్నాడు హరికృష్ణ.

"వెళ్తుంది" అంది శాంతిని.

తర్వాత ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. పక్షపాతం ఉందని జడ్జీకే తోచినప్పుడు తప్పుకోవాలి, ఇంకొకరిని అడిగే పని లేదు. పుస్తకాల్లో అలాగే ఉంటుంది. కానీ తప్పుకుంటే ఇతను మరో మూడు నెలలు పరాయి పళ్ళెంలో తినాలి. ఉంటే, ఎంత ధర్మంగా చెప్పిన తీర్పైనా హరికృష్ణ నోట్సు దాన్ని కొట్టేస్తుంది. రెండు వైపులా అతనికే దెబ్బ. ఒక్క దారి ఉంది. అన్నీ తెలిసి, నాకు సమ్మతమే అని ఇద్దరూ రాసిస్తే, తర్వాత ఎవరూ నోరెత్తలేరు. హరికృష్ణ అభ్యంతరం లేదని ఇందాకే అనేశాడు, ఇప్పుడు వెనక్కి పోలేడు. మిగిలింది దానయ్య.

అది అతని మేలు కోసమేనని ఆమె తనకు తాను చెప్పుకుంది. లోపల ఇంకో గొంతు కూడా ఉంది. ఉండమంటే, ఉండమన్నది అతనే. పొమ్మంటే, పొమ్మన్నది అతనే. ఎటైనా తన నెత్తిమీది బరువు దిగుతుంది.

"దానయ్య గారూ" అంది తెలుగులో. ఆ గదిలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "ఇప్పుడు మీకు అంతా తెలుసు. నేను ఈ కేసు వినడం మీకు సమ్మతమైతే సంతకం పెట్టండి, ఇవాళే విచారణ పూర్తి చేస్తాను. వద్దంటే ఇప్పుడే తప్పుకుంటాను, మరొకరు మొదటినుంచి వింటారు. తొందరేమీ లేదు. ఆలోచించుకుని మీరే చెప్పండి. మీరెలా అంటే అలా."

ప్రసన్నలక్ష్మి దాన్ని రికార్డు కోసం ఇంగ్లీషులో చెప్పింది. హరికృష్ణ కలం మూత తీసి సంతకానికి సిద్ధంగా పట్టుకున్నాడు.

దానయ్య బల్ల మీద తన అరచేతుల్ని చూసుకున్నాడు. తాడు రాపిడికి గట్టిపడిన చేతులు.

"ఎంతమంది అమ్మా?" అన్నాడు.

"ఏమిటి?"

"ఆ తొమ్మిదోదాంతో. నాలాటోలు ఎంతమంది ఎల్లిపోయుంటారు?"

"నాకు తెలియదు" అంది శాంతిని. "నేనెప్పుడూ అడగలేదు."

అతను తలూపాడు, ఆ జవాబు ముందే తెలిసినట్టు. కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. కోపం లేదు అతని మొహంలో. ఇందాక ఆమెను చూసినప్పుడు ఉన్న ఆ వెలుగు కూడా లేదు.

"సంతకమూ నాదే, వద్దనడమూ నాదే, ఉండమనీ నానే సెప్పాల, పొమ్మనీ నానే సెప్పాల" అన్నాడు. "తప్పు సేసింది మీరు. తీర్పు నన్ను సెప్పమంటారేటి?"